నాలుకల బకెట్టు

టీరిల్ మాట్లాడదు.
తొమ్మిదేళ్ళు. మాట్లాడదని కాగితాల్లో మూడు చోట్ల రాసి ఉంది.
కింద సంతకం నాది.

ఫిబ్రవరిలో లోఫోటెన్‌కి కాడ్ చేపలొస్తాయి.
వాటి వెనక పడవలు, పడవల వెనక సీగల్ పక్షులు,
బడి వదిలాక పక్షుల వెనక పిల్లలు.
ఇక్కడ చేప నాలుకలు కోసేది పిల్లలే.
వాళ్ళ తాతలూ కోశారు.
కిలోకి ఇంతని, చేతిలో డబ్బు.

టీరిల్‌ని షెడ్డుకి తీసుకురమ్మన్నది వాళ్ళ తాత ఆర్నుల్ఫ్.
నేను వద్దన్నాను.
కత్తి, అన్నాను. నేలంతా జారుడు, అన్నాను.
కంప్రెసర్ మోత, ఆ కంపు,
చొక్కా మెడ దగ్గర పట్టీ గీసుకుంటేనే
పొద్దంతా బల్ల కింద కూర్చునే పిల్ల, అన్నాను.
ముసలాయన చేతి తొడుగులు విదిలించాడు.
"దాని జిప్పు నువ్వే వేస్తావు.
దాని బదులు హలో నువ్వే చెబుతావు.
దాని పెన్సిల్ మీద నీ చెయ్యే ఉంటుంది.
దాని చెయ్యి ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు.
రెండేళ్ళుగా పట్టుకున్నాను గాని, చూడలేదు.

బల్లకి నిలువుగా బిగించిన ఇనుప మేకు.
చేప తల దానికి గుచ్చితే నాలుక పైకి లేస్తుంది.
ఒక్క కోత. బకెట్లోకి.
మొదటిరోజు తాత కోస్తుంటే చూసింది.
రెండోరోజూ చూసింది. మూడోరోజూ.
నా ఓపిక అయిపోయింది, తనది అవలేదు.
ఎనిమిదోరోజు నారింజరంగు రబ్బరు సూటు తనే తొడుక్కుంది,
చెవుల మీద మోతనాపే డిప్పలు పెట్టుకుంది,
జిప్పు సగందాకా లాగింది.
సగమే.
నా చెయ్యి లేచింది.
దాన్ని జేబులో కుక్కుకున్నాను.

గుచ్చు, కోయి, విసురు.
గుచ్చు, కోయి, విసురు.
అక్షరం మీద అరనిమిషం నిలవని కళ్ళు
రెండు గంటలు ఆ మేకు మొన మీదే.

నోట్లో నాలుక లేని పిల్ల
నాలుకలు కోస్తోందని రేవులో ఎవరో నవ్వారు.
నిజం చెప్పాలంటే, నేనూ నవ్వాను.

శనివారం తూకం.
కొనే హోగ్నె తొందరలో ఉన్నాడు.
ముల్లు వైపు ఓ చూపు విసిరి, నోట్లు చేతిలో పెట్టాడు.
టీరిల్ కదల్లేదు.
వెనక పిల్లలు తోసుకుంటున్నారు.
"ఏం కావాలట పాపకి?" అని అడిగాడు.
నన్ను.
నోరు తెరిచాను.
తెరిచి, నాలుక కరుచుకున్నాను.

మెడలో వేలాడే కార్డుల గుత్తిలో
చేప నెత్తురు వేళ్ళు వెతుకుతున్నాయి.
ఎంతసేపో.
కంప్రెసర్ ఒకసారి ఆగి మళ్ళీ అందుకుంది.
జ్యూస్ అడగడానికి నేను నేర్పిన కార్డు దొరికింది:
"ఇంకా".
దాన్ని బకెట్టు మీద పెట్టింది. త్రాసు మీద పెట్టింది.
మళ్ళీ బకెట్టు మీద.

హోగ్నె మళ్ళీ తూచాడు.
పదకొండు కిలోలు. ఏడని చదివాడు.
చెవులదాకా ఎర్రబడి
మిగతా డబ్బు లెక్కపెట్టాడు,
ఒక్కొక్క నోటూ తనకే చెబుతూ.

అద్భుతమేం జరగలేదు.
సోమవారం బస్సుకి కొత్త డ్రైవరు, కొత్త దారి.
బడిదాకా అరుస్తూనే ఉంది,
నా మణికట్టు మీద పళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.
మాట ఇవాళ్టికీ లేదు.
కార్డులు మాత్రం పెరిగాయి, కొన్ని తనే గీసుకుంది.
ఒకటి నాకోసం: అరచెయ్యి బొమ్మ.
ఆగు అని.
రోజుకి పదిసార్లు చూపిస్తుంది,
తొమ్మిదిసార్లు నాదే తప్పు.

షెడ్డులో మేకు వదులైతే ఇప్పుడు టీరిల్‌ని పిలుస్తున్నారు.
కత్తికి పదును చాలకపోయినా టీరిలే.
తలలో నాలుక అంటారే, అలా అయింది
తలలూ నాలుకలూ వేరుచేసే చోట.

మిగిలిన తలల్ని తాళ్ళకి గుచ్చి
కొండవాలున కర్ర పందిళ్ళకి వేలాడదీస్తారు.
గాలి వీస్తే ఎండిన తలలు ఒకదానికొకటి తగిలి
కటకటమని ఏదో అంటాయి.
అక్కడ ఒక్కచోటే తను చెవుల డిప్పలు తీసేస్తుంది.
ఏం వింటోందో నేను అడగను.
కాస్త దూరంలో
చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడతాను.